దేశము నెఱుగని కాలము: వీడియోల తేదీలలోని దోషములను గూర్చి ఒక సమీక్ష

వివాహము ముగిసి బంధువులు తమ తమ యూళ్లకు మరలిన పిమ్మట, ఆ వేడుకలో పలువురు పలు ఫోనులతోను, కెమెరాలతోను తీసిన ఫోటోలను, వీడియోలను ఒక్కచోట చేర్చి, కాలక్రమమున అమర్చుటకై ఫోటో సాఫ్టువేరునకు అప్పగించినపుడు, ఫోటోలన్నియు యథాక్రమమున నిలిచి వీడియోలు మాత్రము చెల్లాచెదరగుట నేడు అనేక గృహములలో కనబడుచున్న విషయము. తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషములకు జీలకఱ్ఱ బెల్లము పెట్టిన ముహూర్తపు ఫోటో ఆ తేదీ క్రిందనే యుండును. అదే క్షణమున, అదే పందిటిలో తీసిన వీడియో మాత్రము ముందునాటి రాత్రి 9 గంటల 42 నిమిషములకు తీసినదిగా చూపబడి, ఎదురుకోలు దృశ్యముల నడుమ చేరిపోవును. వధూవరులు పీటలపై కూర్చుండుటకు ముందే ముహూర్తము జరిగిపోయినట్లు ఆ వరుస చెప్పును. ఈ రెంటికిని నడుమ గల అంతరము సరిగా అయిదున్నర గంటలు. మన దేశపు గడియారము గ్రీనిచ్ గడియారముకంటె ముందుండు కాలమును అంతే.

ఒకటి రెండు వీడియోలు స్థానభ్రంశము చెందుట స్వల్పవిషయమని కొందరికి తోచవచ్చును. నాకట్లు తోచదు. ఒక కుటుంబమునకు తన గతమును గూర్చి మిగులు ఆధారములు నేడు దాదాపుగా ఈ ఫైళ్లే. వాని క్రమము చెడినచో, చూచినవారెవరును జీవించి లేని కాలమున దానిని సరిదిద్దగలవారుండరు. పైగా ఇది ఏదో యొక యంత్రమునందలి లోపము కాదు. ఫోటోలకు ఒక సంప్రదాయము, వీడియోలకు వేఱొక సంప్రదాయము ఏర్పడి, రెండును అసంపూర్ణములై యుండగా, ఆ రెంటిని ఒక్క త్రాటిపై నడపబూనిన సాఫ్టువేరులు తమకు తెలియని భాగమును తెలిసినట్లే పూరించుటవలన కలిగిన దోషమిది. దేశమును చెప్పని కాలము సగము మాటయే. మిగిలిన సగమును ఊహించిన సాఫ్టువేరు తాను ఊహించినట్లు చెప్పితీరవలెను. ఈ విషయమున నా అభిప్రాయము ఇదియే, క్రింది విచారణ యంతయు దానికి ఉపపత్తియే.

గడియారపు గంట స్థలాధీనమన్న సంగతి మన పూర్వులకు క్రొత్త కాదు. మద్రాసు నక్షత్రశాల రేఖాంశమును 1802లో జాన్ గోల్డింగ్‌హామ్ నిర్ణయించిన పిదప, ఆ నగరపు కాలము గ్రీనిచ్ కాలముకంటె సుమారు 5 గంటల 21 నిమిషములు ముందున్నదని లెక్క తేలినది. రైళ్లు వచ్చిన తరువాత దేశమున పెక్కు రైలుమార్గములు ఆ మద్రాసు కాలమునే పాటించినవి. బొంబాయికి ఒక కాలము, కలకత్తాకు మఱియొక కాలము వేఱుగా నుండెడివి. 1884లో వాషింగ్టన్ నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము గ్రీనిచ్ రేఖను మూలరేఖగా అంగీకరించినది. 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ఆధారముగా భారత ప్రామాణిక కాలము అమలునకు వచ్చినను, కలకత్తా 1948 వఱకును, బొంబాయి 1955 వఱకును తమ తమ కాలములను విడువలేదు. మిర్జాపూరు ప్రక్కగా దిగివచ్చు ఆ రేఖ మన కాకినాడకు చేరువలోనే బంగాళాఖాతమును చేరుచున్నది. ఊరికొక గడియారమున్న ఆ దినములలో, అంకె ప్రక్కన అది ఏ ఊరి అంకెయో చెప్పనిచో అర్థము పూర్తి కాదని రైలెక్కు ప్రతివాడును ఎఱుగును. దేశమంతటికిని ఒక్క కాలము స్థిరపడిన తరువాత, ఊరిపేరు చెప్పవలసిన అవసరము తీరి, ఆ జ్ఞానము మఱుగుపడినది.

మన కర్మకాండలో అది నేటికిని మఱుగుపడలేదు. సంకల్పము చెప్పుకొను కర్త సంవత్సరము మొదలు వారము వఱకు ఉచ్చరించుటకు ముందే, తాను ఏ ద్వీపమున, ఏ వర్షమున, ఏ ఖండమున, శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ నిలిచియున్నాడో చెప్పును. దేశకాలములను రెంటిని సంకీర్తన చేయనిదే కర్మ ఆరంభము కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు పురోహితులు ఆ దేశభాగమును తామున్న ఖండమునకు తగినట్లు మార్చి చెప్పుచున్నారు. అక్కడి మనవారికై ఆయా నగరముల సూర్యోదయమును బట్టి వేఱుగా పంచాంగములు గణింపబడుచున్నవి. తిథి మాఱు క్షణము లోకమంతటికిని ఒక్కటే యైనను, ఆ క్షణమున హైదరాబాదు గడియారము చూపునది వేఱు, షికాగో గడియారము చూపునది వేఱు కావున, పండుగ తేదీ సయితము అక్కడ ఒక్కొక్కమాఱు ఒకనాడు ముందుగా వచ్చుచున్నది. క్షణము వేఱు, స్థానిక గడియారము వేఱు అను ఈ వివేకమే మనము విచారింపబోవు సమస్తమునకును మూలము.

ఇక ఫోటోల సంప్రదాయమును చూతము. డిజిటల్ కెమెరాల తొలినాళ్లలో, 1995లో, జపానునందలి ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము జెయిడా రూపొందించిన ఎగ్జిఫ్ అను ప్రమాణము, చిత్రము తీసిన కాలమును చిత్రపు ఫైలులోనే వ్రాయు పద్ధతిని నెలకొల్పెను. సంవత్సరము, మాసము, దినము, గంట, నిమిషము, సెకను అను ఆఱింటిని విభాజక చిహ్నములతో కలిపి పందొమ్మిది అక్షరములుగా వ్రాయుటయే ఆ పద్ధతి. అది ఏ ఊరి గడియారమో తెలుపుటకు అందు చోటు లేదు. ఆ ప్రమాణకర్తలను ఇందుకు మిక్కిలిగా నిందింపజాలము. ఆనాటి కెమెరాకు తానెక్కడనున్నదియు తెలియు ఉపాయము లేదు, దాని గడియారమును యజమాని చేతితో సరిచేసి పెట్టుకొనవలసినదే. పైగా ఆ పద్ధతియందు ఒక సుగుణము సయితము గలదు. తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషములకు తీసిన చిత్రము కాకినాడలో తెఱచినను, కాలిఫోర్నియాలో తెఱచినను, నూఱేండ్ల తరువాత తెఱచినను 3 గంటల 12 నిమిషములనే చూపును. చిత్రములోని మనుష్యులు ఆ సమయమున గోడపై చూచిన గడియారమేదో అదియే నిలిచియుండును.

వీడియోల పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధము. ఆపిల్ సంస్థ 1991లో వెలువరించిన క్విక్‌టైమ్ రూపమే నేటి ఎంఓవీ ఫైలు. ఎంపీ4 దానినుండియే పుట్టినది. ఈ ఫైళ్ల శీర్షభాగమున తేదీ అక్షరములలో నుండదు. 1904 జనవరి 1 అర్ధరాత్రి మొదలు గడచిన సెకనుల సంఖ్య ఒక్క పూర్ణాంకముగా వ్రాయబడి యుండును. ఆనాటి మాకింటాష్ కంప్యూటరుల కాలగణనకు అదియే ఆరంభబిందువు. 1900 అధివర్షము కాదు; దాని తరువాతి మొదటి అధివర్షమునుండి లెక్క మొదలిడినచో నాలుగేండ్లకొక అధివర్షమను సులభసూత్రము చాలునని ఆ సంవత్సరమును ఎన్నుకొనిరి. ఈ ఫైలు రూపమును అంతర్జాతీయ ప్రమాణముగా స్థిరపఱచినపుడు, ఆ సంఖ్య యూటీసీని, అనగా ప్రపంచమంతటికిని ఉమ్మడియైన ప్రామాణిక కాలమును, అనుసరించియే యుండవలెనని నియమించిరి. శాస్త్రదృష్టితో చూచినచో ఇది ఫోటోల పద్ధతికంటె ఉత్తమము; క్షణనిర్ణయమున సందేహమునకు తావుండదు. కాని ఆ క్షణమున ఆ పందిటిలో గడియారమెంత యన్న ప్రశ్నకు ఈ సంఖ్య సమాధానము చెప్పదు.

కావున ఫోటో స్థానిక గడియారమును చెప్పి క్షణమును దాచును. వీడియో క్షణమును చెప్పి స్థానిక గడియారమును దాచును. రెంటికిని లోపించినది ఒక్కటే, ఆ స్థలమునకు గ్రీనిచ్‌తో గల కాలభేదము. దానిని ప్రక్కన ఒక చిన్న అంకెగా వ్రాసియుంచినచో ఈ వ్యాసమునకు అవసరమే యుండెడిది కాదు.

ఈ రెండు విధములైన ఫైళ్లను ఒక్క వరుసలో పెట్టవలసి వచ్చిన సాఫ్టువేరు మూడు త్రోవలలో తప్పిపోవుచున్నది. వీడియోలోని యూటీసీ సంఖ్యను మార్పిడి చేయక యథాతథముగా స్థానిక కాలమని చదువుట మొదటిది. పైని చెప్పిన ముహూర్తపు వీడియో వెనుకటి రాత్రిలోనికి జరిగినది ఈ కారణముననే. ఉదయము 6 గంటలకు తీసిన నదీస్నానపు వీడియో ఇట్టి సాఫ్టువేరునందు అర్ధరాత్రి దాటిన అరగంటకు తీసినట్లు కనబడును; తెరపై బాలభాను డుదయించుచుండ, క్రింద 12.30 అని వ్రాసియుండుటను చూచియు పెక్కుమంది కారణమును వెదకక ఊరకుందురు. రెండవది దీనికి విపర్యయము. ప్రమాణము యూటీసీని వ్రాయుమనినను, దానిని పాటింపక తమలోని స్థానిక గడియారపు అంకెనే ఆ స్థానమున వ్రాయు కెమెరాలు పెక్కు గలవు. కాలమండలమును అమర్చుకొను వసతియే లేని కెమెరా వేఱుగా చేయగలదియు లేదు. సాఫ్టువేరు ప్రమాణమును నమ్మి దానికి అయిదున్నర గంటలు కలుపును. సాయంకాలము 7 గంటలకు జరిగిన విందు అర్ధరాత్రి దాటి మఱునాటి 12 గంటల 30 నిమిషములలోనికి పోవును. మూడవది, మార్పిడి చేయవలెనని యెఱిగియు, వీడియో తీసిన స్థలపు భేదమును గాక, చూచుచున్న కంప్యూటరు నేడున్న స్థలపు భేదమును ప్రయోగించుట.

ఈ మూడవ దోషము ప్రవాసాంధ్రుల కుటుంబములను ఎక్కువగా పీడించుచున్నది. రాజమహేంద్రవరమున భోగినాటి ఉదయము 5 గంటలకు తాతగారి వాకిట వేసిన భోగిమంటను వీడియో తీసి డల్లాసునకు తీసికొనిపోయి తెఱచినచో, అది ముందునాటి సాయంకాలము 5 గంటల 30 నిమిషములనాటిదిగా కనబడును. దాని ప్రక్కనే తీసిన ఫోటో మాత్రము భోగినాటి ఉదయమే నిలిచియుండును. అంతరము పదునొకండున్నర గంటలు. అదే వేసవిలో తీసిన వీడియో యైనచో అంతరము పదిన్నర గంటలు మాత్రమే, ఏలయన అమెరికాలో మార్చినెల రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వఱకు గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు. వీడియో తీసిననాటి భేదమునకు బదులు చూచుననాటి భేదమును ప్రయోగించు సాఫ్టువేరులు దీనికి మఱియొక గంట దోషమును చేర్చుచున్నవి. నవంబరునందలి ఆ ఆదివారము తెల్లవారకమున్ను 1 గంట మొదలు 2 గంటల వఱకు గల కాలము రెండుమాఱులు వచ్చును. ఆ నడుమ 1.30కి తీసిన ఫోటో మొదటి ఒకటిన్నరదియో రెండవ ఒకటిన్నరదియో తేల్చుటకు, భేదము వ్రాసియుండనిచో, ఏ గణితమునకును శక్తి చాలదు. కొన్ని సాఫ్టువేరులు చూచినప్పుడెల్ల లెక్క కట్టుటవలన ఆ కుటుంబము సెలవులకు స్వదేశము వచ్చి అదే ల్యాప్‌టాపును తెఱచినపుడు వీడియో మరల తన చోటికి వచ్చును. మఱికొన్ని దిగుమతి చేసికొన్న దినముననే లెక్క కట్టి, తప్పును శాశ్వతముగా తమ పట్టికలో వ్రాసికొనును. రెండవ తెగ మిక్కిలి ప్రమాదకరమైనది. కదలెడు తప్పును కనిపెట్టవచ్చును గాని, కదలని తప్పు సత్యమువలె పాతుకొనిపోవును.

ఇచట మఱియొక చిత్రమైన విషయము గలదు. స్థానిక కాలమును యూటీసీ స్థానమున వ్రాయు కెమెరాయు, యూటీసీని స్థానిక కాలముగా చదువు సాఫ్టువేరును ఒక యింట కలిసినచో, రెండు తప్పులును ఒకదాని నొకటి రద్దుచేసికొని ఫలితము సరిగా వచ్చును. ఏండ్ల తరబడి ఆ యింటివారు తమ తేదీలు సరిగా నున్నవని నమ్మియుందురు. ఒకనాడు క్రొత్త ఫోను కొందురు, లేదా సాఫ్టువేరును మార్చుదురు; ఆనాటినుండి సగము వీడియోలు చెడిపోవును, ఆ నేరమంతయు క్రొత్తదానిపై పడును. ఈ కారణముననే సాఫ్టువేరు నిర్మాతలు ఈ దోషమును దిద్దబోయినపుడెల్ల రెండు వర్గముల నడుమ చిక్కుకొందురు. యూటీసీని సరిగా పాటించిరేని పాత కెమెరాల వారు నొచ్చుకొందురు, పాటింపనిచో నేటి ఫోనుల వారు నొచ్చుకొందురు. ఫిల్ హార్వీ 2003 మొదలు అభివృద్ధి చేయుచు వచ్చిన ఎగ్జిఫ్‌టూల్ అను ప్రసిద్ధ ఉపకరణము ఈ సంకటమును దాచక అంగీకరించినది. అది సహజముగా ఆ సంఖ్యను ఏ మార్పిడియు లేక చూపును. ప్రమాణము ననుసరించి యూటీసీగా భావించి మార్చవలెననిన క్విక్‌టైమ్‌యూటీసీ అను ఐచ్ఛికమును వాడుకరియే కోరవలెను. కెమెరాలు ప్రమాణమును పాటించుట లేదని చెప్పి, నిర్ణయభారమును ఎఱిగినవానికి వదలుట ఇందలి నిజాయితీ. సామాన్య గృహస్థునకు అది చాలదు నిజమే. అయినను తెలియనిదానిని తెలియదనుట ఈ రంగమున అరుదైన గుణము.

మన అరగంట ఈ దోషపరిశోధనకు గొప్ప సాధనమైనదని చెప్పుట నాకు ముచ్చట. పశ్చిమ ఐరోపావాసికి ఈ దోషము ఒకటి రెండు గంటలకు మించదు. గడియారము సరిగా పెట్టలేదేమో యని అతడు సరిపెట్టుకొనును. లండను నివాసికి శీతకాలమున అంతరము సున్న కావున దోషమున్నట్లే తెలియదు, వేసవిలో ఒక్క గంట మాత్రము తప్పును. గ్రీనిచ్‌కు దగ్గఱగా కూర్చుండి పరీక్షించు నిర్మాతల కంటికి ఇది కానరాకపోవుట సహజము. మనకో అయిదున్నర గంటలు, నేపాలీయులకు 5 గంటల 45 నిమిషములు. ఇట్టి భేదము అనుకోకుండ సంభవింపదు. ఒక వీడియోకును దాని తోటి ఫోటోకును నడుమ సరిగా అయిదున్నర గంటలున్నచో కారణమును గూర్చి సందేహింప పనిలేదు. అయితే గంటల లెక్కలో మాత్రమే తేదీలను జరపనిచ్చు సవరణ సాధనములు మన పనికి రావు. కొనుటకు ముందు దానిని చూచుకొనవలెను.

ఫైలు లోపలి తేదీ చెడినచో వెలుపలి తేదీని నమ్మవచ్చునా యన్న, అదియు నమ్మదగినది కాదు. కెమెరాల మెమొరీ కార్డులలో బహుకాలముగా వాడబడుచున్న ఫ్యాట్ పద్ధతి, ఫైలు మార్పు కాలమును స్థానిక గడియారము ప్రకారము, రెండేసి సెకనుల మెట్లలో వ్రాయును, కాలమండలమును చెప్పదు. విండోసునందలి ఎన్‌టీఎఫ్ఎస్ యూటీసీని వ్రాయును. ఒకదానినుండి మఱియొకదానికి నకలు చేయునపుడు మరల ఊహయే. తరువాత వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి పావుగంటల మెట్లలో కాలభేదమును వ్రాయుటకు చోటు కల్పించినది గాని, ఆ చోటును నింపవలసినది కెమెరాయే. ఫైలు పేరుపై ఆధారపడుదమన్న, పెక్కు ఆండ్రాయిడ్ ఫోనులు పేరులో స్థానిక గంటను పెట్టగా, గూగుల్ పిక్సెల్ ఫోనులు యూటీసీ గంటను పెట్టుచున్నవి. ఇక వాట్సాప్ ద్వారా వచ్చినదానిలో, చిత్రము తీసిన కాలమును తెలుపు లోపలి వివరములు సాధారణముగా తొలగిపోవును. పేరులో తేదీ మాత్రము మిగులును, అదియు చేతులు మాఱిన దినమునదే గాని తీసిన దినమునది కానక్కఱలేదు. మన కుటుంబములలో చిత్రములు చేతులు మాఱుట నేడు అధికభాగము ఈ మార్గముననే యగుటచే ఈ నష్టము చిన్నది కాదు.

వీడియో శీర్షమున ఆ సంఖ్యను వ్రాయక సున్నగా విడిచిన సాఫ్టువేరులును గలవు. అట్టి వీడియో 1904 జనవరి 1 నాటిదిగా, అమెరికాలో చూచినచో 1903 డిసెంబరు 31 నాటిదిగా ఆల్బము మొదటి పుటలో చేరును. 1904 నుండి లెక్కింపవలసిన సంఖ్యను, యూనిక్స్ యంత్రముల ఆరంభబిందువైన 1970 నుండి లెక్కించినవారికి అఱువదియాఱేండ్ల దోషము వచ్చును. ముప్పదిరెండు బిట్ల కొలతలో వ్రాయబడు ఆ సంఖ్య 2040 ఫిబ్రవరి 6న నిండిపోవును; అఱువదినాలుగు బిట్ల రూపము ప్రమాణమున ఉన్నది కావున ఇది దిద్దరాని చిక్కు కాదు.

ప్రమాణకర్తలు ఈ లోపమును గుర్తింపలేదని కాదు. 2016లో వెలువడిన ఎగ్జిఫ్ 2.31 కూర్పున స్థానిక కాలము ప్రక్కన గ్రీనిచ్ భేదమును వ్రాయుటకు ప్రత్యేక స్థానములను ఏర్పఱచిరి. మొదటి ప్రమాణమునకు అది ఇరువదియొక యేండ్ల తరువాతి మాట, ఆ నడుమ తీసిన చిత్రములకు దానివలన లాభము లేదు. ఫోనుల విషయమున ఆపిల్ పద్ధతి మెచ్చదగినది: ఐఫోను వీడియోలో యూటీసీ సంఖ్యతోపాటు, కాలభేదముతో కూడిన స్థానిక తేదీని వేఱొక స్థానమున వ్రాయుదురు, దానిని చదువు సాఫ్టువేరునకు క్షణమును గడియారమును రెండును దొరకును. చదువని సాఫ్టువేరునకు మరల పాతకథయే. సోనీ కెమెరాలు కొన్ని వీడియో ప్రక్కన చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలును చేర్చి అందు కాలభేదముతో సహా తేదీని వ్రాయుచున్నవి; ఆ చిన్న ఫైలు ఎందుకో తెలియక జనులు దానిని తుడిచివేయుచున్నారు. ఉపగ్రహముల ఆధారముగా స్థలమును గుర్తించు జీపీఎస్ వివరములలో కాలము యూటీసీలోనే యుండును కావున, ఫోటోలో అవి యున్నచో స్థానిక గడియారముతో పోల్చి భేదమును రాబట్టవచ్చును. ఈ మార్గములన్నియు మంచివే. వీనిలో ఒక్కటియు సర్వత్ర ఆచరణలో లేకుండుటయే చిక్కు.

స్థలము తెలిసినచో కాలమండలమును నిర్ణయించుటకు ప్రపంచమున ఒక మహత్తరమైన సాధనము గలదు. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ ప్రారంభింపగా, పెక్కుమంది స్వచ్ఛందముగా పోషింపగా వృద్ధిపొంది, నేడు ఐయానా సంస్థ నీడన వెలువడుచున్న కాలమండలముల పట్టిక అది. మన దేశకాలము అందు ఏషియా/కోల్‌కతా అను పేర నున్నది. ఏ దేశము ఏనాడు తన గడియారమును ఎంత జరిపినదో, యుద్ధకాలమున భారతదేశము గడియారమును ముందునకు జరిపిన సంగతితో సహా, అందు లిఖితమైయున్నది. వీడియోలోని అక్షాంశ రేఖాంశములను బట్టి ఆ పట్టికను సంప్రదించి స్థానిక గడియారమును చెప్పు సాఫ్టువేరు ఉత్తమశ్రేణికి చెందినది. స్థలవివరము లేనపుడు, అదే దినమున తీసిన ఇరుగుపొరుగు చిత్రములను చూచి ఊహించుట మధ్యమము. కంప్యూటరు నేడున్న స్థలమును ఆధారముగా గొనుట అధమము. విచారకరమైన విషయమేమనగా, ఈ మూడింటిలో సాఫ్టువేరు ఏది చేసినదో సాధారణముగా తెరపై స్పష్టముగా కనబడదు. ఉత్తమ మధ్యమాధమములు మూడును ఒకే అక్షరములతో, ఒకే నిశ్చయముతో తేదీని చూపుచున్నవి. ఊహను ఊహగా చూపుట కష్టమైన పని కాదు. తేదీ ప్రక్కన భేదమును వ్రాసి, అది ఫైలునుండి వచ్చినదో, స్థలమునుండి వచ్చినదో, తన ఊహయో తెలుపు ఒక చిన్న గుర్తు చాలును. ఈ మాత్రపు పని చేయక, ముఖములను గుర్తించు విద్యలకును, ఆకసపు రంగులను మార్చు విద్యలకును అపారమైన శ్రమను వెచ్చించుట నాకు సమంజసముగా తోచదు.

ఈ దోషము ఇంటి ఆల్బమునకే పరిమితము కాదు. భారతీయ సాక్ష్య అధినియమము 2024 జులై 1 నుండి అమలునకు వచ్చినది. దాని 63వ సెక్షను ఎలక్ట్రానిక్ దస్త్రములను సాక్ష్యముగా స్వీకరించుటకు ధ్రువపత్రమును కోరుచున్నది. ఆ ధ్రువపత్రమునందలి హ్యాష్ విలువ ఫైలు మాఱలేదని నిరూపింపగలదు. ఫైలులోని అంకెను ఏ కాలమండలమున చదువవలెనో చెప్పజాలదు. ఒక ఫోను వీడియోను, ఒక సీసీ కెమెరా దృశ్యమును ప్రక్కప్రక్కన పెట్టి ఎవడు ఎప్పుడు ఎక్కడ నున్నాడో తేల్చవలసినచోట అయిదున్నర గంటల భ్రమ ఎంత అనర్థమునకు దారితీయగలదో ఊహించుట కష్టము కాదు. ఫైలు చెక్కుచెదరకుండుట వేఱు, దాని పఠనము సరియగుట వేఱు. న్యాయవాదులును, పోలీసు శాఖవారును, పత్రికలవారును తెరపై కనబడు గంటను వ్రాసికొనుటకు ముందు, అది యూటీసీయో స్థానికమో విచారించి ఆ మాటను కూడ వ్రాసికొనుట ఇకనైన అలవాటు కావలెను.

ఈ విషయమున గృహస్థులు చేయదగినది కొంత గలదు. కెమెరాలో కాలమండలమును అమర్చు వసతి యున్నచో దానిని అమర్చి, విదేశయాత్రలో గంటను జరుపుటకు బదులు మండలమునే మార్చవలెను. వేడుక ఆరంభమున ప్రతి కెమెరాతోను, ప్రతి ఫోనుతోను ఒకే గడియారమును ఒక ఫోటోగాను, కొన్ని క్షణముల వీడియోగాను తీసియుంచినచో, పిమ్మట ఎంత దోషమున్నను కొలిచి దిద్దవచ్చును. దిద్దుటకు ముందు మూలఫైళ్లను వేఱొకచోట భద్రపఱచి, నకళ్లపైననే సవరణ చేయవలెను. ఏ కెమెరా వీడియోలకు ఎంత జరిపినదియు ఒక చీటీపై వ్రాసి ఆ ఫైళ్లతోనే ఉంచవలెను. చూపు తేదీని మార్చినంతమాత్రమున ఫైలు లోపలి తేదీ మాఱదని గుర్తుంచుకొనవలెను. పెక్కు సాఫ్టువేరులు సవరణను తమ పట్టికలోనే దాచుకొనును, ఫైలును మఱియొకచోటికి తీసికొనిపోయిననాడు పాత తప్పు మరల వెంటవచ్చును.

కాని ఈ భారమును గృహస్థులపైననే మోపి ఊరకుండుట న్యాయము కాదు. కెమెరా నిర్మాతలు ప్రమాణము చెప్పినట్లు యూటీసీని వ్రాసి, దాని ప్రక్కన కాలభేదమును సయితము తప్పక వ్రాయవలెను. ఫోటో సాఫ్టువేరు నిర్మాతలు చిత్రములోని గడియారమును, క్షణమును, తమ ఊహను మూడింటిని వేఱువేఱుగా నిలిపి చూపవలెను. హైదరాబాదునందును, బెంగుళూరునందును, సియాటిలునందును ఇట్టి సాఫ్టువేరుల నిర్మాణములో పనిచేయుచున్న తెలుగువారు తక్కువమంది కారు. అయిదున్నర గంటల దోషము మొట్టమొదట కనబడునది వారి యింటి పెండ్లి వీడియోలలోనే కావున, దీనిని తమ సంస్థలలో ప్రస్తావించి, పరీక్షలలో గ్రీనిచ్ గడియారముతోపాటు మన గడియారమును కూడ చేర్పింపవలసినదిగా వారిని కోరుచున్నాను.